కూతురే ఎత్తుకోవాలి

ఉదయం ఆరూ నలభైకి నల్లా నీళ్లొచ్చాయి. చంద్రపూర్ పక్కన దుర్గాపూర్ కాలనీలో మాకు నీళ్లు వచ్చే వేళ అదే. నల్లా ముందు బుసబుసమని గాలి వదిలి, తర్వాత నీళ్లు వదులుతుంది. ఆ గాలి చప్పుడుకే అవ్వ లేచేది. మా వైపు అమ్మను అవ్వ అంటాం. నాకంటే ముందు లేచి, బిందె పెట్టి, అది నిండేదాకా పక్కనే నిలబడేది. నల్లాను నమ్మి అవతలికి పోయేది కాదు. ఆ రోజు బిందె నేనే పెట్టాను. నిండింది, పొర్లింది. "అవ్వా, నీళ్లొచ్చినయి, లే" అని వంటింట్లోంచి పిలిచాను. ఆమె రెండోసారి పిలిపించుకునే మనిషి కాదు. రెండోసారి పిలిచాక నల్లా కట్టేసి, చేతులు తుడుచుకుని, ఆమె పడుకున్న గదిలోకి వెళ్లాను.

నిద్రలోనే పోయింది. దుప్పటి కూడా చెదరలేదు. మా ఆయన పవర్‌స్టేషన్‌లో నైట్ డ్యూటీ ముగించుకుని ఇంకా ఇల్లు చేరలేదు. ఆయన వచ్చేదాకా ఆమె పక్కన కూర్చున్నాను. ఏడవలేదు. ఏడుపు రాక కాదు. మా ఊళ్లో దానికొక పద్ధతి ఉంది. ఆ పద్ధతికి నేనొక్కదాన్నే చాలను.

ఆ పద్ధతి గురించి చెప్పాలంటే ముందు నా ఉద్యోగం గురించి కొంత చెప్పాలి. చంద్రపూర్‌లో ప్రభుత్వ సాంస్కృతిక విభాగంలో పనిచేసి పోయినేడు రిటైరయ్యాను. జిల్లాలో ఉన్న పాటలు, ఆటలు, కథలు సేకరించడం, ముసలి కళాకారుల పింఛన్ల పని చూడటం, ఏటా జరిగే ఉత్సవంలో ఎవరు ఏ పూట వేదిక ఎక్కాలో సర్దడం, ఇదీ పని. మరాఠీ వాళ్ల దండార్ నాటకాలు, గోండుల దండారి ఆట, మా రాజురా, కోర్పనా సరిహద్దు ఊళ్ల కోలాటం, చిరుతల భజన అన్నీ మా గదిలోంచే వెళ్లేవి. నేను చదివింది మరాఠీ బడి. తెలుగు చదవడం మా బాపు, అంటే నాన్న, నేర్పాడు, ఆదిలాబాద్ బస్సులో తెప్పించుకున్న పాత వారపత్రికలు ముందు పెట్టి. అందుకని సరిహద్దు ఊళ్ల పని ఎప్పుడూ నాకే వచ్చేది.

ఆ పనిలో నేను మొదట వదిలేసుకున్నది విశేషణాలను. ఒక పాటను "అమూల్యమైన సంపద" అని రాస్తే, వచ్చే నెల ఇంకో పాటను "అత్యంత అమూల్యమైన సంపద" అని రాయాల్సి వస్తుంది. ఎవరు పాడారు, ఎప్పుడు పాడతారు, ఎందుకు పాడతారు, ఇంతవరకే రాసేదాన్ని. పత్తి ఏరేటప్పటి పాటలు దొరికాయి. విసుర్రాయి పాటలు, జోల పాటలు, పెళ్లిలో పిల్లను అప్పగించేటప్పటి పాటలు దొరికాయి. ఆడవాళ్లు మొదట సిగ్గుపడతారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. తర్వాత ఆపమన్నా ఆపరు. దొరకనిది ఒక్కటే, శోకం.

మా ఊళ్లో మనిషి పోతే ఆడవాళ్లు ఊరికే ఏడ్చేవారు కాదు. మాటలు పెట్టి ఏడ్చేవారు. పోయిన మనిషి ఏం తిన్నది, ఏం తినలేదు, ఏ ఎద్దు చచ్చినప్పుడు ఎన్నాళ్లు అన్నం ముట్టలేదు, ఎవరి దగ్గర చీర అడిగి కట్టుకుని పెళ్లికి పోయింది, అన్నీ వచ్చేవి. దానికొక లాగుడు ఉండేది, ఒక విరుపు ఉండేది. అప్పటికప్పుడు కట్టే మాటలే గానీ ముందే అల్లుకున్నవి కావు. పోయిన తల్లి కాళ్లను కూతురు పట్టుకుని కూర్చుంటుంది. శోకం కూతురే ఎత్తుకోవాలి. ఆమె నోటి నుంచి మొదటి మాట పడేదాకా ఎంత బాగా పెట్టేవాళ్లయినా అందుకోరు. కూతురు లేకపోతే కూతురు వరుసయ్యే మనిషి ఎత్తుకోవాలి. మాట పడ్డాక, శోకం పెట్టడం తెలిసిన మనిషి ఆ కూతురి మెడ చుట్టూ చేతులు వేసుకుని, ఆ మాట మీదే తన మాట కడుతుంది. ఇంకో నియమం కూడా ఉంది. శోకంలో అన్నమాటను తర్వాత బయట ఎవరూ ఎత్తకూడదు. కోపం పెట్టుకోకూడదు, జవాబివ్వకూడదు, అర్థమడగకూడదు.

మా చిన్నవ్వ, అంటే అవ్వ చెల్లెలు, శోకం పెట్టడంలో చుట్టుపక్కల ఊళ్లకు తెలిసిన మనిషి. అక్కచెల్లెళ్లిద్దరినీ ఒకే ఊరికిచ్చారు, రాజురా దాటాక మా ఊరికి. ఒకసారి ఊళ్లో బాగా ఉన్నవాళ్లింట్లో ముసలామె పోతే, చిన్నవ్వ శోకంలో, మెత్తగా గోధుమ రొట్టె అడిగితివి, గట్టి జొన్న రొట్టె పెట్టిరి, పళ్లు లేని నోట నానబెట్టుకుంటివి అని అన్నది. వాకిట్లో మగవాళ్ల మధ్య కూర్చున్న కొడుకు తువాలు ముఖం మీదికి లాక్కున్నాడు. మర్నాడు ఆయనే చిన్నవ్వకు దారిలో ఎదురై మామూలుగా పలకరించాడు. పలకరించక తప్పదు. ఊళ్లో ఏ ముసలామెకైనా ఒంట్లో బాగాలేదంటే కొడుకులు ముందుగా చిన్నవ్వకే బెల్లం పంపుతారని నవ్వుకునేవారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో రికార్డరు పట్టుకుని ఆమె దగ్గరికే వెళ్లాను. ఇంటి మనిషే కదా, సులువుగా అయిపోతుందనుకున్నాను.

"ఒక్కటి పెట్టు చిన్నవ్వా. జర చిన్నది."

"ఎవరి మీద?"

"ఎవరి మీద గాదు. ఊకెనే."

"ఊకె శోకం పెడితే ఇల్లు దేవులాడుకుంట చావొస్తది. పీనుగ లేంది నోరు తెరవద్దు."

"పాతది చెప్పు మరి. ఎన్నడో పెట్టింది యాది చేసుకుని."

"యాదుంటెనా? ఏడ్చినంక ముఖం కడుక్కుని తింటం బిడ్డా. యాది పెట్టుకుంటే బువ్వ దిగుతదా?"

మా ఆఫీసరు మరాఠీ ఆయన, మంచి మనిషి. నన్ను తాయీ, అంటే అక్కా, అనేవారు. అందరూ పాడే పాటలు ఎలాగూ దొరుకుతాయి, దొరకనిదాన్ని పట్టుకోవాలి అనేది ఆయన పట్టుదల. ఆయన సలహా మీద బల్లార్‌పూర్‌లో నాటకాలు వేసే ఒక తెలుగావిడతో ఒక శోకం చేయించాం. మాటలు నేనే చిన్నప్పటి జ్ఞాపకం నుంచి ఇచ్చాను. ఆవిడ నిజంగానే కన్నీళ్లు పెట్టుకుంది. అది తీసుకెళ్లి అక్కచెల్లెళ్లకు వినిపించాను. ఇద్దరూ మా ఇంటి అరుగు మీద కూర్చుని కందికాయలు ఒలుస్తున్నారు.

చిన్నవ్వ చివరిదాకా విన్నది. "ఎవరు పోయిండ్రట?" అని అడిగింది.

"ఎవ్వరు పోలె. ఆమె నాటకాలామె."

"గందుకే. ఎవరు పోయిండ్రో ఆమెకే తెల్వనట్టుంది."

"గొంతు మంచిగనే ఉన్నది లేవే, పాపం" అన్నది అవ్వ.

"గొంతు మంచిగుంటే పెండ్లిల పాడుమను."

అవ్వ కందికాయలు ఒలవడం ఆపలేదు. "నేను పోయిన్నాడు పెట్టు మరి. ఇది దాని మిషన్ల పట్టుకుంటది. నా మీద ఏడ్చింది సర్కారుల ఉంటది" అన్నది.

"నువ్వెక్కడ పోతవక్కా. నన్ను సాగనంపినంకనే పోతవు."

"పెద్దదాన్ని నేను. వరుస నాది."

"చూడు, మీ అవ్వ రేషన్ దుకాణం కాడ గూడ గిట్లనే లొల్లి పెడ్తది, వరుస నాది వరుస నాది అని" అని చిన్నవ్వ నా వైపు తిరిగింది. "సరే బిడ్డా. మీ అవ్వ మీద పెట్టిన్నాడు పట్టుకో. గంతే. మళ్ల అడుగకు."

ముగ్గురం నవ్వాం. అలా ఖాయమైంది. తర్వాత నేను శోకం మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తితే అడిగేది ఇక పాటను కాదు. ఆఫీసులో సారుకు చెప్పాను. "అయితే ఎంత ఆలస్యమైనా పరవాలేదు తాయీ" అన్నారు మరాఠీలో.

ఆలస్యమే అయింది. బాపు పోయాక, మోకాళ్లు పూర్తిగా పట్టేశాక అవ్వను దుర్గాపూర్ తెచ్చుకున్నాను. దవాఖాన దగ్గర అని. ఊళ్లో తమ్ముడు, మరదలు బాగానే చూసుకునేవారు. నేనే పట్టుబట్టాను. ఆమె ఎక్కువ మాట్లాడకుండా వచ్చింది. ఇక్కడ ఆమెకున్న పని నల్లా ఒక్కటే. మధ్యాహ్నం కూడా ఒకసారి లేచి, తిప్పి చూసేది. "రావు అవ్వా, పొద్దుగాలనే ఒస్తయి" అంటే, "ఏమో, నీళ్లోడు మతి తప్పి ఇడుస్తడేమో" అనేది.

ఆ రోజు మా ఆయన వచ్చాక వ్యాను మాట్లాడాం. ఆమె మంచి చీర ఒకటి, కళ్లద్దాలు సంచీలో సర్దాను. చీర మీద రికార్డరు పెట్టాను. పొరపాటున పెట్టింది కాదు. చార్జింగు కూడా చూసుకున్నాను.

బల్లార్‌పూర్‌లో కాగితం మిల్లు వాసన వచ్చింది. బామ్ని దాటి వంతెన ఎక్కేటప్పుడు వ్యాను కుదుపుకు ఆమె తల ఒక పక్కకు ఒరిగితే సరిచేశాను. రాజురా దగ్గర సాస్తి గనుల నుంచి వచ్చే బొగ్గు లారీలు వరుసగా అడ్డం వచ్చాయి. అవి వెళ్లేదాకా ఆగాం. డ్రైవరు అద్దాలు ఎక్కించమన్నాడు. అయినా తెల్లగుడ్డ మీద సన్నగా మసి పడింది. నేను దాన్ని దులపబోతే ఇంకా పాకింది.

ఊళ్లో వాకిలి నిండా జనం ఉన్నారు. ఆడవాళ్లు చాపల మీద కూర్చుని ఉన్నారు. ఎవరూ ఏడవడం లేదు. కూతురి కోసం చూస్తున్నారు. అవ్వను దించి పడుకోబెట్టాక తల వైపు చిన్నవ్వ కూర్చుంది. ముఖం వాచి ఉంది గానీ నోరు తెరవలేదు. నేను కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఆమె జరిగి నా పక్కకు వచ్చింది.

"మిషన్ ఏదే?" అన్నది, నాకు మాత్రమే వినపడేలా.

"సంచిల ఉన్నది."

"తియ్యి."

"తర్వాత, చిన్నవ్వా."

"తర్వాతంటే ఎవరి మీద?"

సంచీ చేతికందే దూరంలోనే ఉంది. కానీ కూతురు రెండు చేతులతో తల్లి పాదాలు పట్టుకోవాలి. పట్టుకున్నాను. అవి ఇంకా అవ్వ పాదాలే. మడమ దగ్గర పగుళ్లలో నిన్న రాత్రి నేను రాసిన మందు తెల్లగా ఉంది. చేతులు తీసి ఇంకోదాని మీద పెట్టడం నా వల్ల కాలేదు. చిన్నవ్వ సంచీ వైపు ఒకసారి చూసి, ఇక అడగలేదు.

అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. మొదటి మాటలు నాకు ఎన్నో తెలుసు. చిన్నప్పటి నుంచి విన్నవి, నాటకాలావిడకు రాసిచ్చినవి, నన్ను కన్నతల్లివే అని, బంగారు తల్లివే అని. అన్నీ గుర్తొచ్చాయి. ఒక్కటీ నాది కాదనిపించింది. నాకు వచ్చింది నేను పొద్దున అన్నమాటే.

"అవ్వా, నీళ్లొచ్చినయి, లే."

మరదలు తలెత్తి, నాకు మతి చలించిందేమో అన్నట్టు చూసింది. చిన్నవ్వ చూడలేదు. రెండు చేతులూ నా మెడ చుట్టూ వేసి అందుకుంది.

*నీళ్లొచ్చినయంటుంది నీ బిడ్డ, ఓ అక్కా, లేవరాదే*
*బాయికాడ చేదుకున్న చేతులాయె, ఓ అక్కా*
*నల్లాకాడ గడియ జూసి నిలుచుంటివా*
*ఊరందరి పాట నీ బిడ్డ పట్నం మోసె, ఓ అక్కా*
*పాటతోని నిన్ను గూడ మోసెనా*

అక్కడి నుంచి చాలాసేపు సాగింది. చిన్నప్పుడు ఇద్దరూ బావి దగ్గర ఒకే చేదకు కొట్లాడుకున్నది వచ్చింది. బాపు మీద అలిగి అవ్వ చేనులో కూర్చున్న రోజు వచ్చింది. నాకంటే ముందు పుట్టి పోయిన పిల్ల వచ్చింది. ఆ పిల్ల సంగతి నేను అప్పుడే మొదటిసారి విన్నాను. తక్కినది నాకు గుర్తులేదు. ఏడ్చినవాళ్లకు గుర్తుండదని చిన్నవ్వ అన్నది నిజమే. పైన రాసిన ఆ కొన్ని మాటలే నా దగ్గర మిగిలాయి. వాటిలోనూ ఒకటి రెండు నేను అతికినవి కావచ్చు.

సాయంత్రం స్నానాలయ్యాక చిన్నవ్వ నా పళ్లెంలో తనే అన్నం పెట్టింది. "తిను. పొద్దటి సంది ఏం తినలె" అన్నది. పట్నం మోసె అన్నమాట నిందా, ఊరికే దుఃఖమా అని నాకు అడగాలనిపించింది. శోకంలో అన్నది బయట ఎత్తకూడదు. అడగలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు.

దినాలయ్యాక ఆఫీసుకు వెళ్తే సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. తల్లి గురించి రెండు మాటలు అడిగారు. రికార్డింగు గురించి అడగలేదు. నేనే చెప్పాను, "లేదు సర్" అని. "ఉండనీ తాయీ" అన్నారు. మరుసటేడు ఆయన బదిలీ అయి వెళ్లిపోయారు. తర్వాత వచ్చినవాళ్లకు అలాంటిదొకటి దొరకలేదన్న సంగతే తెలియదు. నేనూ చెప్పలేదు.

చిన్నవ్వ ఇంకొన్నేళ్లు ఉంది. శోకం పెట్టమని పిలిచేవాళ్లు తగ్గారు. కొన్ని ఇళ్లల్లో కొడుకులు, పట్నం నుంచి చుట్టాలొస్తారు, ఇవన్నీ వద్దు అనేవారు. కొన్ని ఇళ్లల్లో కూతుళ్లు ఎత్తుకునేవారు కాదు. ఆమె వెళ్లి, కూర్చుని, కాసేపు చూసి, లేచి వచ్చేది. "ఎత్తుకునేటోళ్లు లేంది నేనేం అందుకోవాలె?" అన్నది ఒకసారి నాతో. ఫిర్యాదులా కాదు. బస్సు రాలేదని చెప్పినట్టు చెప్పింది.

పోయిన చలికాలానికి ముందు చలికాలంలో ఆమె పోయింది. గిన్నెలు కడిగే బండ దగ్గర జారిపడి, మంచాన పడి, అలాగే పోయింది. ఆమెకు ఇద్దరు కొడుకులు, కూతుళ్లు లేరు. కోడళ్లిద్దరూ యవత్మాల్ వైపు మరాఠీ పిల్లలు. మంచివాళ్లు. మంచాన ఉన్నన్నాళ్లూ ఆమెకు ఏ లోటూ రానివ్వలేదు. ఆమెతో మరాఠీలో మాట్లాడేవారు, ఆమె తెలుగులో జవాబిచ్చేది, పని జరిగేది.

కూతురు వరుస నాదే. ఈసారి రికార్డరు సంచీలో పెట్టలేదు, చేతిలో పట్టుకుని వెళ్లాను. రాజురా నుంచి తెప్పించిన అద్దాల పెట్టెలో ఆమెను పడుకోబెట్టారు. దానికే ఒక స్పీకరు ఉంది, అందులోంచి మరాఠీ భజన వస్తోంది. నేను అడిగితే పెద్ద కొడుకు స్పీకరు ఆపి, మూత తీయించాడు. రికార్డరు నొక్కి చాప మీద పెట్టాను. ఆమె పాదాలు పట్టుకున్నాను. పాతకాలపు ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఎవరో ఒకరు అందుకుంటారనుకున్నాను.

"చిన్నవ్వా, మిషన్ తెచ్చిన" అన్నాను.

ఎవరూ అందుకోలేదు. మా వీధి పెద్దవ్వ ఒకామె కళ్లు తుడుచుకుంటూ నా వీపు నిమిరింది. "ఏడువు బిడ్డా, ఏడువు."

"నువ్వందుకో పెద్దవ్వా."

"నాకేం ఒస్తది బిడ్డా. ఒచ్చేటామె గీడ పండుకున్నది."

పెద్ద కోడలు ఏడుస్తూనే నా పక్కకు జరిగింది. "ఏమనాలో చెప్పండి తాయీ, నేనంటాను" అన్నది మరాఠీలో. ఆ పిల్ల ముఖం చూస్తే నిజంగానే అనేటట్టుంది. నేను చెప్పలేకపోయాను. అది ఒకరు చెబితే ఇంకొకరు అనేది కాదు. ఆ పిల్లను దగ్గరికి తీసుకున్నాను. ఇద్దరం మాటల్లేకుండా ఏడ్చాం. కాసేపటికి మగవాళ్లు ఆలస్యమవుతోందన్నారు. మూత వేశారు. స్పీకరు మళ్లీ మొదలైంది.

ఆ రికార్డింగు నా దగ్గరే ఉంది. ఒక్కసారి విన్నాను. అందులో నా మాట ఉంది. తర్వాత ఎవరో దగ్గడం, చాప మీద ఎవరో జరగడం, దూరంగా లారీ హారను, పెద్దవ్వ మాటలు, ఏడుపులు, చివర భజన ఉన్నాయి. దాన్ని ఆఫీసులో ఇవ్వలేదు. ఇస్తే ఏమని రాయాలో తెలియలేదు. ఎవరు పాడారు, ఎప్పుడు పాడతారు, ఎందుకు పాడతారు.

పోయిన నెల ఊళ్లో ఇంకొక చావుకు వెళ్లాను. చనిపోయినామె నా కంటే కొంచెం పెద్దది. కూతురు నాగపూర్ నుంచి వచ్చి తల్లి కాళ్లు పట్టుకుని కూర్చుంది. కాళ్లు పట్టుకోవాలని మాత్రం ఆ పిల్లకు ఎవరో చెప్పినట్టున్నారు. ఆడవాళ్లందరూ చుట్టూ ఉన్నారు. ఆ పిల్ల నోటి వైపు ఎవరూ చూడలేదు. మా ఊళ్లో ఇప్పుడు పోయినవాళ్ల మీద మాటలు పెట్టి ఏడవరు.